1047 ఎవరిది?

పదకొండూ ఇరవైకి ఎర్రకొండ నీటి కవాటం మళ్ళీ మూసుకుపోయింది. నూకరత్నం ముప్ఫై మూడోసారి దాన్ని తెరిచింది. ఇంకో పది నిమిషాల్లో అది మూసుకుపోతుందని ఆమెకి తెలుసు. పొద్దున్న ఆరింటినుంచీ ఇదే వరస. పంపు వదిలిన నీళ్ళు కొండెక్కడానికి పావుగంట పడుతుంది. కవాటం పది నిమిషాలే తెరిచి ఉంటోంది. కొండమీద తొమ్మిది వేల కుటుంబాలకి పొద్దున్నించి చుక్క అందలేదు.

కొత్తతీరం నగరంలో తాళంచెవులు పోయి ఇరవై ఏళ్ళయింది. ప్రతి తలుపూ, ప్రతి కుళాయీ, ప్రతి లిఫ్టూ ఊరంతా అల్లుకున్న జాలంలో ఒక కణుపు. మనిషి ఎదురుగా నిలబడితే కణుపు అతని నంబరు చదువుతుంది. హక్కుంటే తెరుచుకుంటుంది. లేకపోతే అది తలుపు కాదు, గోడ.

ఆ జాలాన్ని కాసే గదిలో ఇప్పుడు ముగ్గురున్నారు. ఆజ్ఞాఫలకం ముందు పన్నెండేళ్ళుగా కూర్చుంటున్న నూకరత్నం. గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని ఆమె సహోద్యోగి తవిటినాయుడు. కుర్చీ ఉన్నా కూర్చోని డైరెక్టర్ చక్రపాణి.

"దొరికింది," అన్నాడు చక్రపాణి, చేతిలోని పలక ఆమె ముందు పెడుతూ. "ఎవరో వేళాచీటీ రాసిపెట్టారు. పది నిమిషాలకోసారి కవాటం మూసెయ్యమని. యజమాని పేరు చూడండి."

వేళాచీటీ అంటే, ఫలానా వేళకి ఫలానా పని చెయ్యమని జాలానికి రాసిచ్చే ఆజ్ఞ. రాసినవాడు మరిచిపోయినా జాలం మరిచిపోదు.

యజమాని: తవిటినాయుడు.

"నానేటీ రాయలేదక్కా," అన్నాడు నాయుడు. గొంతు పెంచలేదు. "నాను పుట్టింది ఆ కొండమీదే. మా అమ్మ ఇంకా ఆడే ఉంది. గుక్కెడు నీళ్ళకోసం పొద్దున్నించి ఎదురు సూస్తంది."

"చీటీ చింపేద్దాం సార్," అంది నూకరత్నం. "ఇద్దరి వేలిముద్రలు పడితే, మూలాధికారంతో రెండు సెకన్ల పని. నా వేలు పెడతాను, మీ వేలు పెట్టండి."

"పెడతాను. కానీ చీటీ మీద కాదు, మనిషి మీద. ఇతని పేరు జాలంలోంచి తీసెయ్యండి. పేరు పోతే అతని చీటీలన్నీ వాటంతటవే పోతాయి. నియమం అదే."

పేరు పోవడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. సాయంత్రానికి నాయుడి ఇంటి తలుపు అతనికి తెరుచుకోదు. ఆసుపత్రి తెరుచుకోదు. ఈ గది తలుపు కూడా అంతే. లోపలే ఉండిపోతాడు, ఎవరైనా వచ్చి బయటికి లాగేదాకా.

"ఒప్పుకో నాయుడూ," చక్రపాణి మెత్తగా అన్నాడు. "పొరపాటైందని ఒక్క మాట అను. ఆరు నెలల్లో నీ పేరు నీకు తిరిగిస్తాను."

"నా కొండకి నీళ్ళు నానే ఆపీసినానని నా నోటితో సెప్పమంతారేటి? ఈ గోడల మద్దినే ఉంటాను బాబూ. ఆ మాట మాత్రం రాదు."

కవాటం మూసుకుపోయింది. ముప్ఫై నాలుగు. నూకరత్నం ఈసారి దాన్ని తెరవలేదు. పలకని ముందుకి లాక్కుని చీటీ పూర్తి వరస చదివింది. పొద్దున్నించి కవాటంతో కుస్తీ పట్టడంలో ఆ పని చెయ్యలేదు.

"నాయుడు ఉద్యోగంలో చేరి మూడేళ్ళు," అంది నెమ్మదిగా. "ఈ చీటీ రాసి తొమ్మిదేళ్ళయింది సార్. కొండ కౌలు గడువు నిన్నటితో అయిపోయింది కదా? అది ముగిసిన మర్నాడు పొద్దున ఆరింటికి మొదలెట్టమని రాసి ఉంది. కొండ ఖాళీ చెయ్యనివాళ్ళు దాహానికి దిగివస్తారని ఎవరో తొమ్మిదేళ్ళ ముందే లెక్క కట్టారు."

"తేదీలు తప్పొచ్చు. పేరు తప్పదు."

"జాలానికి పేర్లు తెలీవు సార్. నంబర్లే తెలుసు. చీటీ మీద రాసి ఉన్నది 1047, ఈ గది ఉద్యోగి నంబరు. ఆ నంబరు ఇవాళ ఎవరిదైతే వాళ్ళ పేరు చూపిస్తోంది, అంతే. ఖాళీ అయిన నంబర్లు వృథా చెయ్యొద్దు, కొత్తవాళ్ళకి ఇవ్వండని సర్క్యులర్ ఇచ్చింది మీరే."

"పాత జాబితాలు లేవు," అన్నాడు చక్రపాణి. మరీ తొందరగా అన్నాడు.

అవును, లేవు. కానీ నూకరత్నం అప్పటికే లేచి బీరువా దగ్గరికి నడిచింది. టీ గ్లాసులు మారిపోతున్నాయని ఆ గదిలో ఒక పాత అలవాటు ఉంది. చేరిన రోజునే ఎవరి స్టీలు గ్లాసు మీద వాళ్ళ నంబరూ పేరూ చెక్కిస్తారు. పదోన్నతి మీద పైఅంతస్తుకి వెళ్ళినవాళ్ళకి కొత్త నంబరు వస్తుంది, పాత గ్లాసు ఇక్కడే వదిలేస్తారు. అక్కడ పింగాణీ కప్పులు మరి.

బీరువా పైన దుమ్ములో ఒక గ్లాసు. నిండా మరమేకులు. ఆమె వాటిని బల్లమీద గుమ్మరించి, చీర చెంగుతో గ్లాసు తుడిచింది. చదివి, నాయుడికి అందించింది. అతను చదివి, తలెత్తి డైరెక్టర్ వైపు చూశాడు.

"అది సాక్ష్యం కాదు," అన్నాడు చక్రపాణి. "గ్లాసు. ఉత్త గ్లాసు. నా వేలు లేకుండా మీరేం చెయ్యగలరు రత్నం గారూ?"

"చాటింపు వెయ్యగలను."

తుఫాను వేళ ఊరందరికీ ఒకేసారి చెప్పడానికి పెట్టిన ఆజ్ఞ అది. ప్రతి కణుపూ మాట్లాడుతుంది. దానికి ఒక్క వేలు చాలు. గాలివానలో రెండో మనిషిని ఎవరు వెతుక్కుంటారు?

"ఆ పని చేశారంటే సాయంత్రానికి మీ పేరూ ఉండదు!"

"తీసెయ్యండి. నా నంబరు మాత్రం ఇంకెవరికీ ఇవ్వకండి."

ఆమె వేలు ఆనించింది. గది తలుపు ముందుగా గొంతు సవరించుకుంది. తర్వాత మెట్లమీది తలుపులు, వీధి తలుపులు, ఎండిన కుళాయిలు, కొండమీద తొమ్మిది వేల గుమ్మాలు, ఒక ముసలితల్లి గుమ్మంతో సహా.

"నేను నూకరత్నం, జాలం కాపలా గదినుంచి మాట్లాడుతున్నాను. ఎర్రకొండకి నీళ్ళు ఆపినవాడు తవిటినాయుడు కాదు. తొమ్మిదేళ్ళ కింద ఆ ఆజ్ఞ రాసిన నంబరు వెయ్యీ నలభై ఏడు. అప్పుడా నంబరు ఎవరిదో నా ఎదురుగా స్టీలు గ్లాసు మీద చెక్కి ఉంది. చదువుతున్నాను, వినండి."

నాయుడు గ్లాసుని వెలుగుకేసి తిప్పి పట్టుకున్నాడు.

"చక్రపాణి."