పెద్దసారు రూలు

ఆ ఆఫీసు మూడో అంతస్తు చివర సర్వర్ల గది పేరెత్తితే చాలు, వాచ్‌మన్‌కి కూడా ముచ్చెమటలు పట్టేవట. రాత్రి రెండైతే... ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఎవరో దూరతారు. తెర మీద పేరు చూస్తే — పెద్దసారు! కంపెనీ పెట్టిన ఆయన, పోయి ఆరేళ్లు.

ఇది మా వదిన చెప్పింది. ఆ నెట్‌వర్క్‌కి కాపలా ఆవిడే. ఫైర్‌వాల్ అంటే బ్రహ్మవిద్యేం కాదు, గేటు దగ్గర ఒక జాబితా: ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని పొమ్మనాలి. దూరేదెవరో శుక్రవారం పొద్దున్నకల్లా రిపోర్టు ఇవ్వకపోతే ఉద్యోగం ఊడినట్టేనని తనిఖీవాళ్లు తేల్చేశారు.

మేనేజరు మాత్రం గుసగుసగా, "ఎందుకమ్మా ఆత్మల జోలికి... ఆయనకి ఈ ఆఫీసంటే ప్రాణం" అన్నాడట. ప్రాణం పోయాక కూడానా!

గురువారం రాత్రి వదిన ఆ గదిలో ఒక్కతే కూర్చుంది. ఏసీ హోరు తప్ప చప్పుడు లేదు. పెద్దసారు పేరుతో ఎవరొచ్చినా రానివ్వొద్దని జాబితా చివర ఒక రూలు రాసింది.

రెండయింది... పెద్దసారు వచ్చేశాడు.

ఇంకో రూలు. వచ్చాడు. పది రూల్స్ — అయినా లోపలే ఉన్నాడు!

అప్పుడు జాబితా మొదట్నుంచీ చదివింది. ఫైర్‌వాల్ పైనుంచి కిందకి చూస్తుంది. ముందు ఏది సరిపోతే అదే ఖాయం, కింద ఎంత మొత్తుకున్నా వినదు. ఉద్యోగానికొచ్చిన ప్రతివాడూ కింద చేర్చుకుంటూ పోయాడు గానీ, పైది ముట్టుకున్నవాడు లేడు. అక్కడుంది: "పెద్దసారుని ఎక్కడ్నుంచైనా రానివ్వాలి. రెండు రోజులకే. ఎవరైనా తీస్తే ఊరుకోను — పెద్దసారు."

రాసి తొమ్మిదేళ్లు! బతికున్నప్పుడు భయపడ్డారు సరే, పోయాక కూడా ఒక్కడికీ చెయ్యి రాలేదు. సిగ్గులేకపోతే సరి!

"క్షమించండి పెద్దసారూ..." అంటూ ఆ రూలు తీసేసింది.

తెర మీద పేరు మాయమైంది. హమ్మయ్య అనుకునేలోపు — ఫోన్!

రెండుంబావుకి... దెయ్యానికి నా నంబరెలా తెలిసిందిరా దేవుడా అనుకుంటూ ఎత్తింది.

"ఎందుకు తీశావమ్మా?" లోగొంతు, ఏడుపొక్కటే తక్కువ. "పెద్దసారు పేరుతో పెట్టిన సినిమా తొంభై ఎనిమిది శాతం దిగింది! మా ఇంటి నెట్‌లో అయితే తెల్లారిపోతుంది..."

మేనేజరు!

వదినకి భయం పోయి ఒళ్లు మండింది. ఫోన్లో రికార్డింగ్ నొక్కి, తీయగా అడిగింది:

"పొద్దున రిపోర్టు ఇవ్వాలి సార్. ఎవరి పేరు రాయమంటారు... పెద్దసారుదా, మీదా?"