మా ఇంటి కేక

సినిమాలో పాడే అవకాశం వస్తే ఎవరైనా చెన్నై రైలెక్కుతారు. నేను టెక్కలిలో ఆటో ఎక్కి భావనపాడు వెళ్ళాను. నేను పుట్టి పెరిగిన ఊరే అది. పోనీ అక్కడేమైనా స్టూడియో ఉందా అంటే అదీ లేదు. సముద్రం ఒడ్డున తుఫాను షెల్టర్‌లో నిలబెట్టి పాడించారు. నా రాత అలాంటిది మరి.

అప్పటికి నేను టెక్కలి ఆర్కెస్ట్రాలో పాడేదాన్ని. పెళ్ళిళ్ళకి, గౌరమ్మ సంబరాలకి, పలాసలో జీడిపప్పు షావుకార్ల ఇళ్ళలో ఫంక్షన్లకి వెళ్ళేవాళ్ళం. పాత పాటలంటే జయశ్రీ పాడాలి అనే పేరుండేది నాకు. మన్మథరావు మాస్టారు ఒకప్పుడు మాతోనే కీబోర్డు వాయించేవాడు. చెన్నై పోయి, ఎవరి దగ్గరో అసిస్టెంటుగా ఏళ్ళ తరబడి నలిగి, ఆఖరికి ఒక చిన్న సినిమాకి సంగీతం చేసే ఛాన్సు పట్టుకొచ్చాడు. అందులో ఒక పాట పాతకాలపు బాణీలో కావాలన్నారట. మా అమ్మ కన్నెగా ఉన్న రోజుల్లో రేడియోలో వచ్చే క్లబ్బు పాటల్లాగ ట్రంపెట్లు, బొంగోలు, మధ్యలో అమ్మాయి తీసే ఆలాపన ఉండాలి. సినిమా కంటే ముందే ఆ ఒక్క పాటా క్యాసెట్టుగా వదులుతారట. 'అద్దాల మేడలో ఆగింది గడియారం' అని పల్లవి. అర్థం నన్నడక్కండి.

మిషను పెట్టే ఎకో మాస్టారికి గిట్టదు. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు ఉంటుందంటాడు. పాత పాటల్లో ఎకో నిజం గోడలదట. ఒకసారి తుఫానుకి భావనపాడులో చిక్కుకుపోయి షెల్టర్‌లో తలదాచుకున్నాడట. తెల్లారి జనం ఖాళీ చేశాక ఎవరిదో చంటిపిల్ల ఏడిస్తే, ఆ ఏడుపు హాలంతా తిరిగి తిరిగి వచ్చిందట. ఊరంతా ఎగిరిపోయిన ఇంటి కప్పుల కోసం ఏడుస్తుంటే ఈయన ఎకో విని మురిసిపోయాడన్నమాట. సంగీతం పిచ్చోళ్ళు అంతే.

మేం వెళ్ళింది ఎండాకాలం, వేట నిషేధం రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వాళ్ళు పడవల్ని ఒడ్డెక్కించేస్తారు. ఇంజిన్ల చప్పుడు ఉండదు, రికార్డింగుకి బాగుంటుందని మాస్టారు ఏరి కోరి పెట్టుకున్న రోజులవి. సముద్రం మీద ఒక్క పడవ కూడా లేదు.

అమ్మ కూడా నాతో వచ్చింది. అమ్మ పేరు కాసులమ్మ. నాకున్నది అమ్మ ఒక్కర్తే. నేను హైస్కూల్లో ఉండగా అయ్య వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆ తరవాత వచ్చిన జ్వరంలో అమ్మకి వినికిడి పోయింది. చెవిలో అరిచినా సగమే అందుతుంది. టెక్కలిలో అద్దె గదిలో ఇద్దరం ఉంటాం. రాత్రి దగ్గు వినిపించకపోతే లేచి ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. అమ్మ పోతే నేనేమైపోతానో అన్న భయం నాకు మొదట్నించీ ఉంది.

ఇక్కడ మా వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. చీకటి పడ్డాక పడవలు తిరిగొచ్చే వేళకి ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి కేక పెడతారు. మాటలుండవు, ఒట్టి గొంతే. ఒక్కో ఇంటికి ఒక్కో తీరు కేక. మాది కిందనించి లేచి, పైకెళ్ళి, చివర్లో విరుగుతుంది. నీళ్ళ మీదనించి ఆ ఇంటి మగవాడు 'ఓ' అని ఒక్కసారి పలుకుతాడు. బతికే ఉన్నాను, వస్తున్నాను అని దానర్థం. పలుకు విన్నాక ఆడది నోరు మూసుకుని ఇంటికెళ్ళి పొయ్యి ముట్టించాలి. ఇంకోసారి పిలవకూడదు. మనవాళ్ళు నీళ్ళ మీద లేనప్పుడు అసలే పిలవకూడదు. అయ్య రాని రాత్రి అమ్మ గొంతు పోయేదాకా పిలిచింది. ఆ తరవాత మా ఇంటి కేక ఇంకెవరి నోటా రాలేదు.

షెల్టర్ ఎత్తయిన స్తంభాల మీద ఉంటుంది. మెట్లెక్కి పైకెళ్తే ఖాళీ హాలు, సున్నం వాసన, గబ్బిలాల వాసన. నేను నడిమధ్యన, మైకు దూరంగా గోడ దగ్గర. మాస్టారూ, రికార్డింగు కుర్రాడు సుమనూ మూలన మిషన్ల ముందు కూర్చున్నారు. కరెంటుకి నమ్మకం లేదని లారీ బ్యాటరీలు తెచ్చుకున్నారు. ఇంత పొడుగు స్పీకరు ఒకటి కిటికీ వైపు పెట్టారు. అమ్మ గుమ్మంలో కూర్చుని, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ చుట్ట పీల్చుకుంటోంది. ఆమెకి నా పాటా లేదు, సముద్రం హోరూ లేదు.

సందె వేళకి చరణాలు పూర్తయ్యాయి. ఆలాపన ఒక్కటే మిగిలింది. మాటలొద్దు, స్వరాలూ వద్దు, గొంతు చాలన్నాడు మాస్టారు. ఎవరూ నేర్పని గొంతు కావాలట. నేను నాలుగైదు రకాలు తీశాను. ఏదీ నచ్చలేదాయనకి. విసుగొచ్చి కళ్ళు మూసుకుని నోరు తెరిచాను. వచ్చింది మా ఇంటి కేక.

అది హాలంతా తిరిగింది. గోడ గోడకీ తగిలి, నా వెనక్కి వచ్చి, నా మెడ మీదనించి పోయినట్టనిపించింది. మాస్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇదే, ఇదే, మళ్ళీ పాడు అన్నాడు. అమ్మ వైపు చూశాను. ఆమెకేం వినపడుతుందిలే అనుకుని మళ్ళీ పాడాను.

సుమన్ చెవులకున్న హెడ్‌ఫోను సర్దుకున్నాడు. ఎవరో బయటనించి అరుస్తున్నారన్నాడు. వెనక్కి తిప్పి వినిపించాడు. నా గొంతు విరిగిన చోట, ఎక్కడో చాలా దూరంలో...

ఓ...

ఎవడో తాగుబోతు అన్నాడు మాస్టారు. నేను కిటికీలోంచి చూశాను. తాటాకులు కప్పిన పడవలు వరసగా ఇసుకలో పడుకుని ఉన్నాయి. ఒడ్డున నరపురుగు కూడా లేదు.

ఆపేద్దాం అన్నాను. మంచి టేకు ఇంకొక్కటి అన్నాడాయన. సినిమా ఛాన్సు కదా, కాదనలేకపోయాను. ఇంకోసారి పాడాను. ఈసారి హెడ్‌ఫోను అక్కరలేదు. నాకే వినిపించింది. మెట్ల కిందనించి...

ఓ...

"శ్రుతిలో పలుకుతున్నాడు చూశావా, ఉంచేద్దాం," అన్నాడు మాస్టారు నవ్వుతూ.

అప్పుడే కరెంటు పోయింది. మిషను మీద చిన్న ఎర్ర దీపం తప్ప హాలంతా చీకటి. నీచు వాసన గుప్పుమంది. ఎండుచేపల కళ్ళాల వాసన నాకు తెలుసు, దాంట్లోనే పెరిగాను. ఇది అది కాదు. చాలాకాలం నీళ్ళలో నానిన గుడ్డ వాసన.

గుమ్మం వైపు చూశాను. పై మెట్టు మీద అమ్మ చుట్ట ఇంకా వెలుగుతోంది. అమ్మ లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్లన్నీ ఎలా దిగానో తెలీదు. ఇసుకలో చెప్పులు ఊడిపోయాయి. ఒడ్డుకి వెళ్ళేసరికి అమ్మ మోకాలి లోతు నీళ్ళలో ఉంది. చీర తడిసి కాళ్ళకి చుట్టుకుపోయినా ముందుకే నడుస్తోంది. వెళ్ళి జబ్బ పట్టుకున్నాను. మొహం తిప్పింది. అన్నేళ్ళలో ఎప్పుడూ చూడనంత సంతోషం ఆ మొహంలో.

"మీ అయ్యే జయా. పలకతన్నాడు. నాకు ఇనపడతంది," అంది గుసగుసగా.

అమ్మకి వినపడుతోందట. పిడుగు పడినా వినపడని అమ్మకి.

"మరొక్కపాలి పిలువే. ఆడికి దారి తెలీట్నేదు. నా గొంతు రాదు, నువ్వు పిలువు."

పిలవనన్నాను. ఏడ్చాను. రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగాను. ముసలిదే, కానీ నాకంటే బలంగా నీళ్ళలోకి లాగుతోంది. అల నడుం దాకా వచ్చింది. కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది...

ఇంతలో వెనకనించి నా గొంతే వినిపించింది.

షెల్టర్ కిటికీలోంచి. మాస్టారు ఆ పెద్ద స్పీకర్లో పెట్టి టేకు విని చూసుకుంటున్నాడు. బ్యాటరీలున్నాయిగా మరి. మా ఇంటి కేక, ఆ ఎకోతో సహా, చీకట్లో సముద్రం మీదికి పోయింది. ఒకసారి. తిప్పి ఇంకోసారి. ఇంకోసారి.

జవాబు వచ్చింది.

ఎదురుగా, అలల అవతల, ఓ... అని. వెంటనే కుడివైపునించి, ఓ... పడవల మధ్యనించి, ఓ... అదే గొంతు. చోటు ఒక్కటే మారుతోంది. ఒక్కోసారీ కొంచెం బాగా పలుకుతోంది. మొదటిది మనిషి గొంతులా లేదని చివరిది విన్నాకే నాకు తెలిసింది.

అమ్మ లాగడం ఆపేసింది. నా చేతిలో ఆమె చెయ్యి చల్లబడిపోయింది. కాసేపు అలాగే నిలబడి వింది. తరవాత తనే నా నోటి మీద చెయ్యి వేసింది.

"మీ అయ్య కాదే," అంది. "మీ అయ్య ఒక్కపాలే పలికీవోడు. ఇది... నేర్సుకుంతంది."

ఆ రాత్రి టెక్కలి ఎలా చేరామో నాకు సరిగ్గా గుర్తు లేదు. మర్నాడు మాస్టారి కాళ్ళ మీద పడ్డాను. ఆలాపన తీసెయ్యమన్నాను, నా పేరు వెయ్యకపోయినా సరేనన్నాను. తీసేస్తానని మాటిచ్చి చెన్నై వెళ్ళిపోయాడు. తియ్యలేదు. ఎవడు తీస్తాడు, పాటకి ప్రాణమే అది.

సినిమా ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు గానీ పాట మాత్రం అంటుకుంది. మందస బస్సుల్లో అదే, టీ బడ్ల దగ్గర అదే, ఆటోల్లో అదే. నేను పిలవడం, అది పలకడం. ఆ పలుకు మగవాళ్ళ కోరస్ అనుకునేవారు జనం. కుర్రాళ్ళు సరదాగా తామూ 'ఓ' అని వంత పాడేవారు. ఉద్దానం ఊళ్ళన్నిట్లో పొద్దున లేస్తే మా ఇంటి కేకే. నీళ్ళ మీద మా మనిషంటూ ఒక్కడు లేడు. నా గొంతు నాకే వినిపించి బజార్లో చెవులు మూసుకునేదాన్ని.

అమ్మ సంగతి ఇంకా ఘోరం. మిగతా లోకమంతా ఆమెకి చెవుడే. ఊళ్ళో ఎక్కడ ఆ పాట మోగినా మాత్రం తలెత్తేది. మొహం తూర్పుకి, సముద్రం వైపు తిప్పేది. వంట చేస్తున్నా, నిద్రలో ఉన్నా అంతే. కొన్నాళ్ళకి తూర్పుకి తిప్పడం మానేసి, మా వీధి చివరికి తిప్పడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అని సైగ చేస్తే నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

"దగ్గిరికొచ్చీసింది," అంది ఒకరోజు.

టెక్కలి వదిలేశాం. భావనపాడుకి ఇంకా దూరంగా ఉంటుందని పలాస వచ్చి, కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ వెనక ఇల్లు తీసుకున్నాం. నేను పాడటం మానేశాను. పొరపాటున కూని రాగం కూడా తియ్యను. అమ్మని గుమ్మం దాటనివ్వను. అమ్మ ఎటైనా వెళ్ళిపోతుందేమోనని ఆమె కొంగు నా కొంగుకి ముడేసుకుని పడుకునేదాన్ని. రెండేళ్ళు గడిచేసరికి జనం ఆ పాట మర్చిపోయారు. ఎక్కడా వినపడ్డం లేదు. గండం గడిచిందనుకున్నాను.

మొన్న వర్షాలకి కరెంటు పోయింది. దీపాల వేళ. కాశీబుగ్గ అంతా చీకటి. టేపు రికార్డర్లు లేవు, టీవీలు లేవు, ఫ్యాక్టరీ మిషను కూడా ఆగిపోయింది. చూరు నీళ్ళు కారుతున్న చప్పుడొక్కటే. నేనూ అమ్మా ముందు గదిలో కిరోసిన్ దీపం పెట్టుకుని కూర్చున్నాం.

అమ్మ తలెత్తింది.

వీధిలోంచి మా ఇంటి కేక వినిపించింది.

జవాబు కాదు. కేక. కిందనించి లేచి, పైకెళ్ళి, చివర్లో విరిగింది. నా గొంతు. నేనే పాడుతున్నట్టు. ఆరుబయట వీధిలో, వానలో, ఆ షెల్టర్ గోడల ఎకోతో సహా...

ఇన్నాళ్ళూ మేం పిలిచాం, అది పలికింది. ఇప్పుడు అది పిలుస్తోంది. పిలిస్తే పలకాలి, మా వాళ్ళకి పుట్టుకతో వచ్చిన అలవాటది. అమ్మ పెదాలు విడివడ్డాయి. గొంతులో గాలి కదలడం చూశాను. పలికితే ఏమవుతుందో నాకు తెలుసు. వస్తున్నానని చెప్పినట్టే. నేను ఒక్క దూకున వెళ్ళి అమ్మ తలని గుండెకి అదుముకుని నోరు గట్టిగా మూసేశాను. నా నోరు ఆమె జుట్టులో పెట్టి బిగించుకున్నాను.

కేక ఆగిపోయింది. అమ్మ ఊపిరి నా అరచేతికి వెచ్చగా తగులుతోంది. ఆమె పలకలేదు. నేనూ పలకలేదు. మా ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

వంటగదిలోంచి, ఓ... అని పలికారు.