మంచం బయట పెట్టిన గది

నాగమణి పాలగిన్నెతో సందు మలుపు తిరిగేసరికి ఇంట్లోంచి డ్రిల్లింగ్ మిషన్ మోత వినిపించింది. ఆదివారం పొద్దున్నే అలియాబాద్ మొత్తాన్ని నిద్ర లేపగల మనిషి ఒక్కడే, ఆమె మొగుడు పరమేశ్. మోత హాలులోంచి కాదు, కూతురు సుప్రజ గదిలోంచి వస్తోందని తెలియగానే చెప్పులు వాకిట్లో వదిలేసి లోపలికి పరుగెత్తింది.

పక్కింటి కుతుబుద్దీన్ భాయ్‌ని అడిగి తెచ్చిన నిచ్చెన మీద ఉన్నాడు పరమేశ్. మీసాలు సిమెంటు దుమ్ముతో నెరిసినట్టున్నాయి. గోడకు పడిన రంధ్రంలోంచి వేపకొమ్మ కనిపిస్తోంది.

"అప్పుడే బొక్క కొట్టేసినవా!"

"ఎనిమిదింటికి కరెంటు పోతదే. నువ్వొచ్చేదాక ఆగితే ఇయ్యాల పని కాదు. బయటికి జర వాలుగ కొట్టిన, నీళ్లు లోపలికి రావు," అన్నాడు తన పనితనం చూసి తానే మురిసిపోతూ.

శామీర్‌పేట దగ్గర మందుల కంపెనీలో చల్లటి గదుల మిషన్లు చూసుకునే మెకానిక్ అతను. సొంత ఇంటికి ఏసీ బిగించడానికి బయటి మనిషిని పిలవడమంటే నామోషీ. కొంపల్లి దుకాణాలన్నీ తిరిగి, పదడుగుల గదికి ఒక టన్ను చాలని తేల్చి, కరెంటు బిల్లు తక్కువ వచ్చే ఐదు స్టార్లదే తెచ్చాడు. పేచీ అంతా ఎక్కడ పెట్టాలన్న దగ్గరే వచ్చింది. నాగమణి హాలులో పెట్టమంది. ఎందుకని అడిగితే చుట్టాలకు కనబడాలంది ఒకసారి, దేవుడి పటాలకు ఉక్క అంది ఇంకోసారి. అసలు మాట మాత్రం గొంతు దాటలేదు.

సుప్రజ జూన్‌లో పుణె వెళ్లిపోతోంది, ఆస్పత్రిలో నర్సు ఉద్యోగానికి. పాత ఇల్లు ఒకే గది. ఎండాకాలం కూలర్ ముందు నలుగురూ వరుసగా చాపలు పరుచుకునేవారు. గడప దగ్గర అత్త యాదవ్వ, ఆమె పక్కన పరమేశ్, తర్వాత పిల్ల, చివర నాగమణి. నిద్రలో పిల్ల కాలు తెచ్చి తల్లి మీద పడేసేది. కొత్తిల్లు కట్టేటప్పుడు చదువుకునే పిల్లకు వేరే గది కావాలని పోరు పెట్టింది నాగమణే. గది వచ్చింది, దానికి తలుపూ వచ్చింది, ఆ తలుపుకు లోపలినుంచి గడియా పడింది. అడిగి తెచ్చుకున్న దూరానికి ఎవరిని తిట్టుకుంటుంది పాపం!

"హాలుల పెట్టుమని నెత్తీనోరు కొట్టుకున్న. నా మాటకు ఈ ఇంట్ల ఇలువే లేదా?" అంది ఇప్పుడు.

"హాలుకు తలుపేది? సల్లగాలంత మెట్లకెల్లి మిద్దె మీదికి పోతది."

"పోతే పోనియ్యి! జూన్ల పోయే పిల్ల గదికి ఏసీ ఏంది? అది పోయినంక ఎవలు పండుతరు అండ్ల?"

పరమేశ్ నిచ్చెన దిగాడు. చేతిలోని మిషన్‌ను ఎక్కడ పెట్టాలో తోచనట్టు అటూ ఇటూ చూశాడు.

"అందుకేనే... అక్కడ హాస్టల్ల ఏసీ ఉన్నదట. దానికి అలవాటైతది. రేపు సెలవు దొరికితె, ఇంటికాడ ఉడుకకు ఎందుకని అక్కడనే ఉండిపోతె? దాని గది సల్లగుంటె జల్దీ జల్దీ వస్తదని..."

నాగమణికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. "ఉన్న నాలుగు దినాలన్న అందరం ఒక్క తాన పండుతమని హాలు అన్న," అని చెంగు కళ్లకు అద్దుకుంది.

వరండాలోంచి యాదవ్వ గొంతు వచ్చింది. "ఇద్దరి గోసా ఒక్కటే గదరా! ఒగలకొగలు చెప్పుకునేటందుకు గోడకు బొక్క వడాల్నా?"

గుమ్మంలో నిలబడి అంతా విన్న సుప్రజ లోపలికి వచ్చి తన మంచం కోడు పట్టుకుంది.

"బాపూ, ఆ కొస లేవట్టు."

"ఎందుకే?"

"మంచం బయట పెడితె నాలుగు చాపలు పడ్తయి. అవ్వ తలుపు కాడ."

ఆ తర్వాత పని పండుగలా సాగింది. సుప్రజ వాలు చూసే రసమట్టం పట్టుకుంటే పరమేశ్ ఏసీ తగిలించే పలక బిగించాడు. మధ్యాహ్నం కరెంటు వచ్చాక రాగి పైపులోని గాలిని పంపుతో లాగేస్తూ, తొందరపడేవాళ్లు ఈ పనే ఎగ్గొడతారని పాఠం చెప్పాడు. చల్లగాలి మొదలైంది. అన్నాలు తిని నలుగురూ వరుసగా ఒరిగారు. ఎండాకాలంలో ఈ సలి ఏందిరా అని యాదవ్వ దుప్పటి నిండా కప్పుకుంది. కాసేపటికి సుప్రజ నిద్రలో కాలు తెచ్చి తల్లి మీద వేసింది. నాగమణికి తొడ తిమ్మిరెక్కింది. అయినా కదల్లేదు.

జూన్‌లో పిల్ల వెళ్లిపోయింది. రైలెక్కించి వచ్చిన మర్నాడు పరమేశ్ వరండాలో మంచం దగ్గర నిలబడ్డాడు.

"లోపల ఏద్దామానే?"

"ఉండనియ్యి. బతుకమ్మకు వస్తనన్నది గద, మల్ల తియ్యాల్నాయె."

"బతుకమ్మకు ఏసీతోని ఏం పని? అప్పటికి సల్లవడ్తది."

నాగమణి గదిలోకి వెళ్లి నాలుగు చాపలూ దులిపి పరిచింది. పిల్ల చాప పక్కన, ఎప్పుడూ కాలు వచ్చి పడే వైపు, చోటు వదలకుండా దగ్గరగా జరిగి పడుకుంది.