పాలు తాగని పుట్ట

1984 అక్టోబరు 28, ఆదివారం. నాగుల చవితి. ఆ ఉదయం తను ఏం తిన్నాడో నీలకంఠానికి ఇప్పటికీ గుర్తుంది: సత్తుగిన్నెలో చద్దన్నం, గడ్డపెరుగు, చీల్చిన పచ్చిమిరపకాయ. వడ్డించిన చిలకమ్మ మాత్రం మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

“పుట్టలో పాలు పోసొచ్చేదాకా నేను తినకూడదు. నువ్వు తినీ తమ్ముడూ. ఎండలో డ్యూటీ సెయ్యాలి కదేటి,” అంది.

చిలకమ్మ ఆ తోటలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ముసలి మాలి. ఆమె లెక్కలో నీలకంఠం శ్రీకాకుళం నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన ఓ దిక్కులేని మనిషి. అందుకే మూడు వారాలుగా తన క్వార్టర్ వరండాలో చోటిచ్చి, అన్నం పెడుతోంది. అతను సీక్రెట్ సర్వీస్ ఏజెంటని ఆమెకు తెలియదు. అతను మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా అడుగున వైర్‌లెస్ సెట్టు ఉందని అసలే తెలియదు.

ఉక్కు కార్ఖానా ఉన్న ఊళ్ళో, కద్మా పేట దాటాక, ఖర్కాయ్ నది ఒడ్డున ఉంది ఆ తోట. పూర్వం ఎవరో ఇంజనీరు దొర మెట్లు మెట్లుగా వేయించాడు. తామర కొలను, ఎండగడియారం, గులాబీ పందిరి, నాచు పట్టిన అద్దాల ఇల్లు. దొర పోయాక బంగళా చిత్రకారులకూ శిల్పులకూ విడిది అయింది. ఖర్కాయ్ కుటీర్ అని పేరు పెట్టారు.

అక్కడ ఏటా ఒక ఆదివారం లెటర్‌బాక్సింగ్ అనే ఆట ఆడతారు. తోటలో ఆరు చోట్ల చిన్న రేకు పెట్టెలు దాచిపెడతారు. ఒక్కొక్క పెట్టెలో ఒక నోటుబుక్కు, చేత్తో చెక్కిన రబ్బరు స్టాంపు ఉంటాయి. వచ్చినవాళ్ళు క్లూ కాగితం చదువుకుంటూ పెట్టెను వెతికి, అందులోని స్టాంపు తమ పుస్తకంలో వేసుకుని, తమ సొంత స్టాంపు పెట్టెలోని పుస్తకంలో వేసి, దాన్ని ఉన్నచోటే పెట్టెయ్యాలి. చేతులు మురికి చేసుకోవడం తప్ప ఏ పాపమూ లేని ఆట.

నెల్లాళ్ళ కిందట ఆ ఆట కోసమే నీలకంఠానికి కలకత్తా నుంచి పిలుపు వచ్చింది. చీఫ్ సీతారాం కుర్చీ కూడా చూపించలేదు.

“ట్యాంకు కవచం ఉక్కు. దాని హీట్ ట్రీట్‌మెంట్ చార్టుల మైక్రోఫిల్మ్ ఒక విదేశీ ముఠాకు చిక్కింది. అక్టోబరు ఇరవై ఎనిమిది, ఆదివారం ఆటలో కొరియర్ చేతికి అందుతుంది. మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోతుంది.”

“కొరియర్ ఎవరు?”

“తెలీదు. ఆటకు వచ్చే నలభైమందిలో ఒకడు.”

“మన గోవిందరావు అక్కడే ఉన్నాడు కదా సార్?”

చీఫ్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. “నిన్న తామర కొలనులో శవమై తేలాడు. వాళ్ళావిడకి నేనే ఫోన్ చేసి చెప్పాను.”



“లోపల మనవాళ్ళు?”

“గౌరీదేవి. పెయింటర్. పోయిన చలికాలం నుంచి అక్కడే ఉంటోంది. క్లూలు రాసేది ఆవిడే. ముఠాలో ఉంటూ మనకు సమాచారం ఇస్తుంది. డబుల్ ఏజెంట్.”

“చివరికి ఎవరి మనిషి?”

“అది నువ్వు వెళ్ళి చూడు.”

నీలకంఠం చూశాడు. నల్లకళ్ళద్దాలు, సంబల్‌పురి చీర, వేళ్ళకు ఆరని రంగు. ఆమె నడిచి వస్తుంటే శిల్పులు ఉలి ఆపేసేవారు. రోజూ సాయంత్రం వంటింటి గుమ్మంలో చిలకమ్మ పక్కన కూర్చుని టీ తాగేది. ఆ కాసేపూ నల్లకళ్ళద్దాలు తీసేసేది. మూడు వారాల్లో నీలకంఠం ఆమె కళ్ళు చూసింది అప్పుడు మాత్రమే.

ఆ ఆదివారం తొమ్మిదిన్నరకు ఆమె గులాబీ పందిరి దగ్గరకు వచ్చింది.

“ఈ ఏడు గులాబీలు ఆలస్యం,” అంది కోడ్ ప్రకారం.

“కార్ఖానా పొగ తగిలితే అంతే మేడమ్.”

ఆమె పువ్వు వాసన చూస్తున్నట్టు వంగింది. “ఏడో పెట్టె ఒకటుంది. ఎవరి క్లూ కాగితంలోనూ లేదు. కింది మెట్టులో పెద్ద పాముపుట్ట ఉంది కదా, తూర్పు వైపు కన్నం. ఫిల్మ్ అందులో ఉంది. పదకొండుకి కొరియర్ వస్తాడు. నువ్వు పదిన్నరకల్లా చెయ్యి పెట్టి తీసెయ్.”

“పాములేమైనా ఉన్నాయా?”

“భయమైతే కర్ర తీసుకెళ్ళు,” అని నవ్వి వెళ్ళిపోయింది.

పది ఇరవైకి నీళ్ళడబ్బా పట్టుకుని కింది మెట్టు దిగిన నీలకంఠం ఆగిపోయాడు. పుట్ట చుట్టూ పదిహేనుమంది తెలుగు ఆడవాళ్ళు. కద్మా నుంచి కొందరు, టెల్కో కాలనీ నుంచి కొందరు. తడి జుట్టు ముడులు, చేతుల్లో పాలచెంబులు, పళ్ళేల్లో చిమ్మిలి, చలిమిడి, కోడిగుడ్లు. ఈ తోట తవ్వింది వీళ్ళ తాతలే. పుట్ట జోలికి పోవద్దని దొరను ఒప్పించిందీ వాళ్ళే. ఏడాదికి ఒక్క పూట గేటు వీళ్ళకోసం తెరుచుకుంటుంది. పోయిన చలికాలంలో వచ్చిన గౌరీదేవి ఆ పూటను ఎన్నడూ చూడలేదు.

“జరగండమ్మా, కొంచెం పనుంది,” అన్నాడు.

చిలకమ్మ వెనక్కి తిరిగింది. “ఏటి తమ్ముడూ, నాగన్నకంటే నీకే తొందరేటి? మగోళ్ళు ఎనక నిలబడాల. ఆడోళ్ళు పోసినాకే.”

“పెద్ద మాలీసాబ్ వచ్చేడు, రస్తా దో,” అంది ఎవరో. అందరూ నవ్వారు.

గట్టిగా అంటే అనుమానం వస్తుంది. నీలకంఠం వెనక నిలబడ్డాడు. వాచీలో పది ఇరవై ఎనిమిది. పైమెట్టు మీద ఆటగాళ్ళు క్లూ కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు.

చిలకమ్మ పుట్టకు పసుపు చల్లి, కుంకుమ పెట్టి, తూర్పు కన్నంలో పాలు పోసింది.

పాలు లోపలికి ఇంకలేదు. గుక్కెడు దిగి, నురగతో పైకి ఉబికి, ఆమె కాళ్ళమీదుగా పారాయి.

నవ్వులు ఆగిపోయాయి. చిలకమ్మ మళ్ళీ పోసింది. మళ్ళీ ఉబికాయి.

“ఓలమ్మో! ఇరవై ఏళ్ళనుంచి పోత్తన్నాను. ఒక్క చుక్క ఎప్పుడూ ఎనక్కి రాలేదే!” ఆమె చెంబు కింద పెట్టింది. “నా కొడుకు ఫర్నేసు కాడ పనిచేత్తన్నాడు. నాగన్న పాలొద్దన్నాడు. ఆడికేటౌతాదో!”

“మన్ను అడ్డం పడుంటాది పిన్నీ, తీసి చూడు,” అంది పక్కావిడ.

పెట్టె అడ్డుపడిందని నీలకంఠానికి అర్థమైంది. కానీ ఒక చిన్న సంగతి మనసులో గుచ్చుకుంది. కొరియర్ వచ్చి తీసుకోవలసిన పెట్టెను పాలు కూడా దిగనంత గట్టిగా మన్ను కూరి ఎందుకు బిగించారు? అప్పటికే చిలకమ్మ గాజులు మోచేతికి ఎగదోసి, కన్నం ముందు కూర్చుంది. వేళ్ళు లోపలికి వెళ్ళాయి.

బంగళా వరండాలోంచి కేక వినిపించింది. గౌరీదేవిది. చెయ్యి పెట్టొద్దని, గొంతు చిరిగిపోయేంత కేక.

“చిలకమ్మా! హాథ్ మత్ డాలో!”

నీలకంఠం ఆలోచించలేదు. చిలకమ్మ మణికట్టు పట్టి వెనక్కి లాగి, మనిషితో సహా నేలమీద పడ్డాడు. పాలచెంబు దొర్లిపోయింది.

ఏమీ జరగలేదు. తోటంతా ఒక్క క్షణం బొమ్మలా నిలిచింది. నలభైమంది ఆటగాళ్ళూ కేక వచ్చిన వైపు, వరండావైపు తిరిగి చూస్తున్నారు. ఒక్కడు తప్ప. ఎండగడియారం వెనక బూడిదరంగు కోటు వేసుకున్న పొడవాటి విదేశీయుడు మాత్రం మోకాళ్ళమీద కూలబడి, తల దించుకుని, రెండు చెవులూ మూసుకున్నాడు.

ఏం వినబడబోతోందో తెలిసినవాడు ఆ ఒక్కడే.

నీలకంఠం నీళ్ళడబ్బా మూతి నోటి దగ్గర పెట్టుకున్నాడు. “వరహాలూ! ఎండగడియారం. బూడిదరంగు కోటు. పట్టుకో!”

గేటు దగ్గర కుల్ఫీ అమ్ముతున్న ఇన్‌స్పెక్టర్ వరహాలు పెట్టె వదిలేసి పరిగెత్తాడు. విదేశీయుడి చేతికర్ర లేచింది. అందులోంచి వచ్చిన గుండు వరహాలు చెవి పక్కనుంచి పోయి కొలనులో పడింది. రెండో గుండుకు వరహాలు అవకాశం ఇవ్వలేదు. కోటు జేబులో దొరికిన రబ్బరు స్టాంపు చెక్కపిడిని మరమేకులా తిప్పితే ఊడి వచ్చింది. లోపల గోరంత మైక్రోఫిల్మ్ చుట్ట.

“ఇది ఒకటో పెట్టెలోనే వీడికి అందేసింది గురూ,” అన్నాడు వరహాలు ఆయాసపడుతూ. “మరి ఏడోది?”

“ఏడోది నాకోసం.”

గౌరీదేవి పారిపోలేదు. వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. నల్లకళ్ళద్దాలు ఒళ్ళో ఉన్నాయి. తెల్లరంగు ట్యూబు మూత నేలమీద ఉంది. ఆ ట్యూబులో ఉన్నది రంగు కాదు. నీలకంఠం మెట్లెక్కేసరికి ఆమె పెదాలు నీలంగా మారుతున్నాయి.

“ముసలమ్మకి దెబ్బ తగిలిందా?” అంది.

“మోచెయ్యి గీరుకుంది. అంతే.”

ఆమె తల ఊపింది. కుర్చీలోంచి జారిపోకుండా నీలకంఠం ఆమె భుజం పట్టుకున్నాడు. గోవిందరావును కొలనులోకి తోసింది ఈ చేతులేనేమో. అయినా డాక్టరు వచ్చేదాకా ఆ భుజం వదల్లేదు. డాక్టరు వచ్చి చేయగలిగింది ఏమీ లేకపోయింది.

నాలుగు గంటలకు రాంచీ నుంచి సైన్యం మనుషులు వచ్చారు. ఇసుకబస్తాల వెనకనుంచి తాడుతో పెట్టె లాగారు. కదిపితే పేలే మెర్క్యురీ స్విచ్. పాలు పోస్తే ఏమీ కాదు, చెయ్యి పెడితే మిగలదు. పేలుడుకు పుట్ట సగం ఎగిరిపోయింది. అద్దాల ఇంట్లో ఒక్క అద్దం నిలవలేదు.

సాయంత్రం ఆఫీసు గదిలో ఫోన్ మోగింది. చీఫ్.

“కంగ్రాట్స్. రిపోర్టులో పేలుడు వల్ల ప్రాణనష్టం తప్పడానికి కారణం రాయాలి. ఏమని రాయను?”

“శత్రువు సహకారం అని రాయండి సార్.”

“పైవాళ్ళు ఒప్పుకోరు,” అని ఫోన్ పెట్టేశాడు.

వంటింటి గుమ్మంలో చిలకమ్మ కూర్చుని ఉంది. మోచేతికి పసుపు పెట్టుకుంది. కొడుకు షిఫ్టు దిగి క్షేమంగా ఇంటికి వచ్చాడని కబురు అందాకే రెండు ముద్దలు తింది.

“ఎవులు పెట్టేరు తమ్ముడూ అది?”

అబద్ధాలాడటంలో నీలకంఠానికి ఇరవై ఏళ్ళ సర్వీసుంది. ఆమె దగ్గర అది అక్కరకు రాలేదు.

“గౌరీదేవి. నన్ను చంపడానికి పెట్టింది అప్పా.”

చిలకమ్మ తన పక్కన గౌరీదేవి రోజూ కూర్చునే చోటు చూసింది.

“నిన్ను సంపడానికి పెట్టింది. నన్ను సూసి కేకేసింది. కేకేత్తే దొరికిపోతానని తెల్దేటి దానికి?”

“తెలుసు.”

ఆమె మోకాలిమీద చెయ్యానించి లేచి, వరండా చివరనున్న గౌరీదేవి గదివైపు నడిచింది. లోపల లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. చిలకమ్మ లైటు ఆర్పి, కిటికీ రెక్క మూసి, బయటికి వచ్చి, లోపల ఎవరో ఇప్పుడే నిద్రపట్టి పడుకున్నట్టు చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసింది.