మొగిలిని పిలుచుకొచ్చిన సాయంత్రం

మొగిలి నాకు తన ఫోన్లో ఒక సినిమా చూపించిన రోజు గోదావరిఖనిలో ముసురు పట్టింది. మొగిలి మా అన్న కొడుకు, గని కార్మికుడు. నేను గని ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మొగిలి, అతని భార్య జమున, నేను ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. కరీంనగర్‌లో బి.ఏ. చదివే రోజుల్లో నేల టికెట్టుకు ఎన్నో సినిమాలు చూశాను; కథ నచ్చకపోతే పాటలైనా మిగిలేవి. ఇందులో పాటలు కూడా లేవు. అంతా ఒక కుర్రాడు తన కెమెరాతో తీసుకున్నట్టే ఉంటుంది. హాస్టల్లో ఎవరూ దగ్గరికి రానివ్వని వాడికి చూపుతోనే వస్తువుల్ని లేపే శక్తి వస్తుంది. తోటివాళ్ళు మొదట చప్పట్లు కొడతారు, తర్వాత భయపడతారు. చివరికి వాడు ఆకాశంలోకి లేచిపోయి దిగలేకపోతాడు. కింద ఒక్కరూ వాణ్ణి పేరు పెట్టి పిలవరు.

"పొగరు వానికి," అన్నాను. "శక్తి రాంగనే హాస్టల్ గోడలు కూలగొడ్తడా?"

"నువ్వెప్పుడు వార్డెన్ దిక్కే, కాకా," అని నవ్వాడు మొగిలి. "ఒక్కడన్న 'రారా, బువ్వ తిందాం' అంటే దిగొస్తుండె."

జమున చాయ్ తెచ్చి ఫోన్లోకి తొంగి చూసింది. "పిలగాడే ముంగట నడుస్తున్నడు గదా. మరి కెమెరా ఎవలు పట్టుకున్నరు?"

"వాడే గాలిల లేపిండే. ఒంటిగున్నోడు తన బొమ్మ తనే తీసుకోవాలె," అన్నాడు మొగిలి.

ఆ వానాకాలం పోకముందే గనిలో మొగిలి మీద బండ కూలింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. గనిలో మనిషి పోతే, శవాన్ని మోసుకొచ్చేవాళ్ళు ప్రతి మలుపు దగ్గరా ఆగి పేరు పెట్టి పిలుస్తారు. 'మలుపు తిరుగుతున్నం, మాతోని రా' అంటారు. ఇంటి గడప దగ్గర ఆఖరిసారి పిలిచి లోపలికి తెస్తారు. పిలవకపోతే ఒళ్ళు మాత్రమే పైకి వస్తుందని, మనిషి ఆ చీకట్లోనే తిరుగుతుంటాడని నమ్మకం. మొగిలిని తెచ్చేటప్పుడు ఊపిరి ఉంది. ఊపిరి ఉన్నవాణ్ణి అలా పిలవడం అశుభం కదా... ఎవరూ పిలవలేదు. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలో పోయాడు.

సంవత్సరీకం నాడు జమున అన్నం ముట్టలేదు.

"మామా, ఆయన కిందనే ఉన్నడు. పోయి పిల్సుకొద్దాం."

ఆ గని అప్పటికే మూతపడింది. నోటికి అడ్డంగా గోడ కట్టారు. చదువుకున్నవాణ్ణి, వద్దనాల్సింది. ఆమె ముఖం చూసి చెప్పులు వేసుకున్నాను. మొగిలి ఫోన్ బల్ల మీద చార్జింగ్‌లో ఉంది. అతని గొంతున్న వీడియోల కోసం జమున దాన్ని రోజూ చార్జింగ్ పెడుతుంది. దాన్ని అక్కడే వదిలి, తాళం వేసి బయలుదేరాం.

మేము చేరేసరికి పొద్దు గూకుతోంది. గోడ పైన ఇటుక ఊడిన సందులోంచి చల్లటి గాలి, తడి బొగ్గు వాసన వస్తున్నాయి. లోపల ఎక్కడో నీటి చుక్కలు పడుతున్నాయి. జమున ఆ సందు దగ్గర నోరు పెట్టింది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె నోట నేను భర్త పేరు వినలేదు.

"మొగిలీ... ఇంటికి పోదాం రా."

నీటి చుక్కల చప్పుడు ఆగిపోయింది.

వెనక్కి మళ్ళాం. మలుపు వచ్చినప్పుడల్లా ఆమె పిలిచింది. "మొగిలీ, మలుపు తిరుగుతున్నం..." కొంత దూరం వచ్చాక వెనక అడుగులు వినిపించాయి. తడిసిన బూట్లు. మెల్లగా... అలసిపోయిన నడక. జమున ఏడుస్తూనే నవ్వింది. నాకు వెనక్కి చూసే ధైర్యం లేకపోయింది.

మా వీధి మలుపులో ఇంకో చప్పుడు విన్నాను. అది అడుగులది కాదు. మా తలల పైన... ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. దీర్ఘంగా. ఆకలిగా.

తాళం తీసి జమునను లోపలికి లాగాను. గొళ్ళెం పెట్టేశాను.

"మామా! గడప కాడ పిలవనే లేదు!"

బల్ల మీద ఫోన్ వెలుగుతోంది. అందులో కొత్త వీడియో ఉంది. మేమిద్దరం నడుస్తున్నాం, ఎత్తు నుంచి తీసినట్టుంది. మా వెనక తలకు దీపంతో మొగిలి. మేము తలుపు వేసుకోగానే అతను ఆగాడు. కెమెరా వైపు తిరిగాడు. వద్దు, వద్దన్నట్టు తల ఊపాడు. మా తలుపుకు వీపు ఆనించి, రెండు చేతులూ అడ్డంగా చాపాడు.

వీడియో అక్కడితో అయిపోయింది.

జమున గొళ్ళెం దగ్గరికి పరుగెత్తింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"కెమెరా ఆయనే లేపిండు మామా," అని గుసగుసలాడింది. "ఒంటిగున్నోడు గదా..."

"మరి ఎవలకు అడ్డం నిలవడ్డడు బిడ్డా?"

జమున తలుపుకు వీపు ఆనించి కూలబడింది. తెల్లారేదాకా ఇటు ఆమె, అటు అతను... ఏడిస్తే వినిపిస్తుందని నోట్లో కొంగు కుక్కుకుంది.

పొద్దున తలుపు తీస్తే వాకిట్లో ఎవరూ లేరు. తలుపు బయటి వైపున, భుజాల ఎత్తులో, కుడి ఎడమలుగా బొగ్గు మరకలు. అరచేతులవి కావు, చేతుల వెనక భాగాలవి. జమున వాటిని ఎవరినీ తుడవనివ్వదు. పోతూ వస్తూ ఒకసారి చెంప ఆనిస్తుంది.

ఇంకో మరక సంగతి నేనామెకు చెప్పలేదు. అది తలుపుకు బాగా పైన, గోడ మీద, మనిషికి అందని ఎత్తులో ఉంది. అయిదు పొడుగాటి వేళ్ళు.

అది ఇంటి లోపలి వైపున ఉంది.