పెద్ద కెమెరా వచ్చినంక

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఉన్న ఊర్లన్నిటిలో అభిలాష్‌ను మించిన ఫోటోగ్రాఫర్ పుట్టలేదు, ఇక పుట్టబోడు. ఈ మాట అన్నది ఎవరో కాదు, అభిలాషే. అన్న రోజున అతని చేతిలో ఉన్నది అందరూ మొదట కొనే చిన్న కెమెరా. లెన్సు కూడా దాంతోపాటు డబ్బాలో వచ్చిందే. పట్టు దగ్గర రబ్బరు ఊడిపోతే గమ్ముతో అతికించాడు. పొద్దుగూకితే దానికి చూపు ఆనదు. పెళ్ళికూతురి ముఖం కోసం గర్రుగర్రుమని ముందుకూ వెనక్కూ వెతికి వెతికి, ఆఖరికి వెనకాల టెంటు గుడ్డ మీది పువ్వులను బ్రహ్మాండంగా పట్టేది. గౌడవెల్లిలో ఒక పెళ్ళి ఆల్బమ్‌లో పెళ్ళికొడుకు కన్నా కూల్‌డ్రింక్ సీసాల పెట్టె స్పష్టంగా వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"సీసల మీది రేటు గూడ సదువొచ్చు. గంత క్లారిటీ ఎవడిస్తడు?" అనేవాడు అభిలాష్, సిగ్గు లేకుండా.

మనిషి అంతే. ఎవరినో ఒకరిని ఆటపట్టించనిదే అన్నం అరగదు. చెడ్డ మనసు మాత్రం కాదు.

ఆదివారాలు శామీర్‌పేట చెరువు కట్ట మీద, పెళ్ళి కుదిరిన జంటలకు ఫోటోలు తీసేవాడు. సూరారం నుంచి వచ్చే దోస్తు జాన్సన్ లైటు పట్టుకునేవాడు. అదే కట్ట మీద దుర్గాబాయి బొగ్గుల కుంపటి పెట్టుకుని మక్కబుట్టలు, అంటే మొక్కజొన్న పొత్తులు, కాల్చి అమ్మేది. ఆమెదీ గౌడవెల్లే, అభిలాష్ ఇంటికి రెండిండ్ల అవతల. ఊరందరికీ అవ్వ. జంటలు చేతులు పట్టుకుని నీళ్ళ వైపు చూసి నవ్వుతుంటే, ఆమె విసనకర్ర ఆపేసి నోరు తెరుచుకుని చూసేది.

"ఓ బిడ్డా, నాదొక్కటి తియ్యరాదు. గా ఆధార్ కార్డుల ఉన్నది నేనో, బొగ్గు ముద్దో ఎరుకైతలేదు."

"ఈ కెమెరా చిన్నది అవ్వా. నీ అందం దీంట్ల పట్టది. పెద్ద కెమెరా రానియ్యి, జూడు."

"ఎప్పుడొస్తది?"

"వస్తాంది. బస్సెక్కింది."

మరుసటి ఆదివారం అడిగితే బస్సు సుచిత్ర చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఆ పై వారం కొంపల్లిలో టైరు పేలింది. దుర్గాబాయి నవ్వేది. "నేను పొయ్యేలోపన్న దిగుతదా లేదా గా బస్సు?" అనేది.

ఒక ఆదివారం ఆమె తలకు నూనె రాసుకుని, పెట్టెలో దాచుకున్న మిరపపండు రంగు చీర కట్టుకుని వచ్చింది. వచ్చి, కట్ట రాయి మీద వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. "చిన్నదైతేంది, ఇగ తియ్యి" అంది.

అప్పటికే షూటింగ్ అయిపోయింది. మెమరీ కార్డు తీసి జాన్సన్‌కు ఇచ్చేశాడు. "అరేయ్, కార్డు నా జేబుల ఉన్నది" అని జాన్సన్ గుసగుసలాడాడు. అభిలాష్ కన్ను గీటి, కెమెరా ఎత్తాడు. కార్డు లేకపోయినా ఆ కెమెరా టక్కుమంటుంది. తీసిన బొమ్మను వెనక తెర మీద కొద్దిసేపు చూపిస్తుంది కూడా. మూలన చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో డెమో అని వేస్తుంది. ఆ తర్వాత బొమ్మ పోతుంది. ఎక్కడా ఉండదు.

దుర్గాబాయికి చదువు రాదు. మసి వేలితో తెరను తాకింది.

"ఇది నేనేనా బిడ్డా... మా అమ్మ లెక్క ఉన్న గద."

ఆ మాటకు అభిలాష్ నవ్వు కొంచెం తగ్గిన మాట నిజం. వచ్చే వారం నిజంగానే తీద్దాం అనుకున్నాడు. వచ్చే వారం ఇంకో జంట వచ్చింది. ఆ పై వారం వాన. దుర్గాబాయి మాత్రం మక్కబుట్ట కొన్న ప్రతి మనిషికీ చెప్పింది, "మా అభి నా ఫోటో తీసిండు. పెద్దగ జేసి ఇస్తడట" అని. ఆ వానాకాలంలోనే జ్వరమొచ్చి పోయింది.

వాకిట్లో గోడకు ఆనించి కూర్చోబెట్టిన అవ్వతో ఇంటివాళ్ళ ఆఖరి ఫోటో తియ్యడానికి అభిలాష్‌నే పిలిచారు. చిన్న కెమెరాతోనే తీశాడు. తీసి వెళ్ళబోతుంటే ఆమె కొడుకు పరమేష్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"అభీ, అమ్మ పానం ఉన్నప్పుడు దిగిన ఫోటో నీ తాన ఉన్నది గద. దినానికి గదే పటం కట్టియ్యాలె. పొయ్యేటప్పుడు గూడ గదే మాట జెప్పింది."

లేదు అనే మాట పళ్ళ దాకా వచ్చింది. చుట్టూ అందరూ చూస్తున్నారు.

"ఉన్నది కాకా" అన్నాడు అభిలాష్.

దినం నాటికి పటం తెచ్చాడు. ఎక్కడి నుంచి, ఎట్లా అని ఇప్పుడు అడగకండి. సమయం వచ్చినప్పుడు తనే చెబుతాడు. పటం చూసి ఇల్లంతా ఏడ్చింది. "అచ్చం మనలనే జూస్తాంది" అన్నారు. పరమేష్ కూతురు పూజ ఒక్కతే దాని ముందు చాలాసేపు నిలబడింది.

"అవ్వ కండ్లు గింత కొంటెగ ఉంటుండెనా అన్నా?"

"ఫోటో దిగుతున్ననన్న సంబురం చెల్లె" అన్నాడు.

*

మళ్ళీ వానలు పడే నాటికి పెద్ద కెమెరా నిజంగానే వచ్చింది. నల్లగా, బరువుగా, చేతికి అతుక్కుపోయేటట్టు. అభిలాష్ దానిని పసిపిల్లలా టవల్‌లో చుట్టుకుని తిరిగాడు. చిన్న కెమెరా బీరువా మీదికి ఎక్కింది.

"ఇది మనిషి కన్నును దేవులాడి పట్టుకుంటది తెల్సా" అని జాన్సన్‌కు చూపించాడు. కంటికి ఆనించుకునే లోపలి తెరలో, ఎదుటివాళ్ళ కన్ను మీద చిన్న తెల్ల గడి వచ్చి వాలుతుంది. మనిషి కదిలితే గడీ కదులుతుంది. దగ్గరికి వస్తే పెద్దదవుతుంది. ఇంకో తమాషా కూడా ఉంది. ఒక ముఖాన్ని నమోదు చేసి పెడితే, గుంపులో ఎందరున్నా ముందు ఆ ముఖాన్నే పట్టుకుంటుంది. దానికి మాత్రం పసుపు గడి.

"ఎవల మొఖం పెట్టినవ్‌రా?"

"ఇంకెవలది? నాదే."

"ఫోటో తీసేటోడు నువ్వే, దిగేటోడు నువ్వేనా? పెండ్లిపిల్ల ఎటు వోవాలె మరి?" అని జాన్సన్ నవ్వీ నవ్వీ దగ్గాడు.

పెద్ద కెమెరాతో మొదటి పని పూజ నిశ్చితార్థం. పూజ పట్టుబట్టి పెట్టించింది. "వేరే స్టూడియోవాళ్ళను పిలుద్దామన్నడు మా నాయిన. నేనొద్దన్న. ఈసారి సీసల పెట్టె కాదన్నా, నేను రావాలె" అంది. అభిలాష్ ఛాతీ మీద చెయ్యి వేసుకుని మాటిచ్చాడు.

సాయంత్రం పరమేష్ ఇంటి హాల్లో ఉంగరాలు మార్చుకున్నారు. బయట టెంటు మీద వాన మబ్బు ఒరిగింది. లోపల మల్లెపూల వాసన, బగారన్నం వాసన. తెల్ల గడి పూజ కంటి మీద బెల్లం మీద ఈగలా కూర్చుంది. తీసిన ఫోటో తీసినట్టే వెనక తెర మీద చూపిస్తుంటే పూజ మురిసిపోయింది. అభిలాష్‌కు భూమి మీద కాలు ఆనలేదు.

అప్పుడు పరమేష్ గోడ మీది పటం దించి, దండతో సహా తెచ్చి జంట పక్కన కుర్చీలో పెట్టాడు.

"అమ్మ గూడ ఉండాలె ఫోటోల."

అభిలాష్ కెమెరా ఎత్తాడు. గడి పూజ కంటి మీద నుంచి ఎగిరి పటం మీద వాలింది.

పసుపు గడి.

ఒకసారి దించి మళ్ళీ చూశాడు. పూజను నవ్వమన్నాడు. పెళ్ళికొడుకును దగ్గరికి జరగమన్నాడు. వాళ్ళిద్దరి మీదా అది వాలనే లేదు. అవ్వ కళ్ళ మీదే, పసుపుపచ్చగా, కదలకుండా.

"పటం గ్లాసు మీద లైటు వడి దానికి పిచ్చి లేసినట్టున్నది" అన్నాడు జాన్సన్, తనూ ఒకసారి చూసి. ఎప్పుడూ ముందు నవ్వే అభిలాష్ నవ్వలేదు. ఆ గడి ఎందుకు పసుపు రంగులో ఉందో అతనొక్కడికే అర్థమైంది. ఫోటో తీశాడు.

అదే సమయానికి గాలి లేచింది. టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంది. కరెంటు పోయింది.

"జనరేటర్ గూడ తడిసింది, జల్దీ రాండ్రి!" అని ఎవరో బయట అరిచారు. ఫోన్ల వెలుతుర్లో మనుషులంతా వసారాలోకి పోయారు. జాన్సన్ లైట్లు తడవకుండా కప్పడానికి పరుగెత్తాడు. జల్లు కొడుతోందని పూజ అవ్వ పటాన్ని ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. ఆమె పట్టుకుపోవడం అభిలాష్ తన కళ్ళతో చూశాడు. హాల్లో మిగిలింది అతను, కెమెరా, ఖాళీ కుర్చీ.

వాన చప్పుడు. చీకటి. ఆ చీకట్లో మెల్లగా ఒక వాసన... కాలిన మక్కబుట్ట, బొగ్గుల పొగ.

వంటవాళ్ళదే అయి ఉంటుంది అనుకున్నాడు. దారి కనబడటానికి కెమెరాను కంటికి ఆనించుకున్నాడు. మామూలు కంటికి కనబడనిది కూడా అందులో బూడిద రంగులో కనబడుతుంది. గోడ కనబడింది. పూలదండలు కనబడ్డాయి. కుర్చీ కనబడింది. ఖాళీగా ఉంది.

ఖాళీ కుర్చీ మీద, కూర్చున్న మనిషి ముఖం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో... పసుపు గడి.

"జాన్సన్..." అన్నాడు.

ఎక్కడో విసనకర్ర ఊపుతున్న చప్పుడు. టప్... టప్... టప్... ఆగిపోయింది.

గడి లేచింది. నెమ్మదిగా. మోకాళ్ళ నొప్పులున్న మనిషి లేచినట్టు, మధ్యలో ఒకసారి ఆగి. కెమెరా కంటి నుంచి తీశాడు. ఎదురుగా ఏమీ లేదు. మళ్ళీ పెట్టాడు. గడి కొంచెం పెద్దదైంది. తీశాడు. చీకటే. పెట్టాడు. ఇంకా పెద్దదైంది. దగ్గరికి వస్తే గడి పెద్దదవుతుందని అతనే కదా అందరికీ చెప్పింది...

ఇప్పుడు తెరంతా గడే.

పొగ వాసన ముఖం మీద కొట్టింది. చెవి పక్కన ఎవరో మెల్లగా, బతిమాలుతున్నట్టు అడిగారు.

"బస్సు దిగిందా బిడ్డా?"

అభిలాష్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇగ తియ్యి."

వేలు దానంతటదే నొక్కింది. టక్. వెనక తెర వెలిగింది. కుర్చీలో వీపు నిటారుగా పెట్టుకుని, మిరపపండు రంగు చీరలో దుర్గాబాయి. నవ్వుతోంది. కళ్ళు కొంటెగా అతన్నే చూస్తున్నాయి. మూలన చిన్న ఇంగ్లీషు అక్షరాలు... డెమో.

బొమ్మ పోయింది. కరెంటు వచ్చింది.

కెమెరాలో కార్డు పెట్టే మూత తెరిచాడు. కార్డు ఉంది, పొద్దున పెట్టింది పెట్టినట్టే. కానీ కార్డులో ఒక్క ఫోటో లేదు. ఉంగరాలు లేవు, పూజ లేదు, ఏదీ లేదు. తెర మీద అందరికీ చూపించినవన్నీ ఎక్కడా లేవు. ఎవరికీ చెప్పకుండా, బ్యాగు సర్దుకుని, భోజనం కూడా చెయ్యకుండా ఇంటికి నడిచాడు.

తెల్లారి కెమెరాను స్టాండు మీద పెట్టి, దాని తెరను తన వైపు తిప్పుకుని ఎదురుగా కూర్చున్నాడు. గడి రాలేదు. పసుపూ రాలేదు, తెలుపూ రాలేదు. గోడ మీది క్యాలెండర్లో దేవత కన్ను మీద వాలింది. కిటికీలో పిల్లి మీద వాలింది. చూడ్డానికి వచ్చిన జాన్సన్ మీద వాలింది. అభిలాష్ ముఖం మీద మాత్రం, ఎంత దగ్గరికి జరిగినా, ఎంత కళ్ళు పెద్దవి చేసినా వాలలేదు. అక్కడ చూసుకోవడానికి కళ్ళే లేనట్టు.

"బాగు చేయించుకోవాలెరా కెమెరా" అన్నాడు జాన్సన్. అని, అభిలాష్ ముఖం వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పూజ వచ్చింది. చేతిలో పాత చీరలో చుట్టిన పటం.

"నా ఫోటోలేవన్నా?"

అచ్చం అవ్వ అడిగినట్టే అడిగింది. అభిలాష్ నోరు తెరిచాడు. ఒక్క పరాచికం కూడా దొరకలేదు.

"లెవ్వు చెల్లె."

పూజ కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడలేదు. గడపలోనే కూర్చుంది.

"వానితోని జాగ్రత్త, వాడు అన్నీ మజాక్‌లే జేస్తడని నీ గురించి అన్నరు అందరు. అవ్వ నమ్మింది. నేను గూడ నమ్మిన" అంది. అని, చీర విప్పింది. "గిదేందో జెప్పు. రాత్రి లోపల వెట్టినప్పుడు మంచిగనే ఉండె."

పటంలో దండ అట్లాగే ఉంది. ఆ కొంటె చూపు లేదు. ముక్కులో దూది ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి.

"ఇది పానం వొయినంక తీసింది గద" అంది పూజ, చాలా మెల్లగా. "పానం ఉన్నప్పటిది ఏది?"

"లేదు చెల్లె. కార్డు ఎయ్యకుంట ఉత్తగ నొక్కిన."

"మరి ఇన్ని దినాలు మమ్ములను జూసిన కండ్లు ఎవలియి?"

అభిలాష్ తల వంచుకున్నాడు. కళ్ళు చేత్తో తడుముకున్నాడు, ఉన్నాయో లేవో చూసుకుంటున్నట్టు.

"దినానికి ఎక్కువ పొద్దు లేకుండె. ఎవల కండ్లని అడగాలె నేను?" అన్నాడు. "గా చిన్న కెమెరా ముంగట నేనే కూసున్న చెల్లె. నా కండ్లే తీసి అవ్వ మొఖానికి పెట్టిన."