తెగులు పట్టని మొక్కలు

మధ్యాహ్నం రెండు. బయట ఎండ మండిపోతోంది. మా ల్యాబ్ చివరి గదిలో మాత్రం నిన్నటి నుంచీ చీకటే. కావాలని పెట్టిన చీకటి. వెలుతురు లేని మొక్కను వైరస్ తేలిగ్గా పట్టుకుంటుంది.

లోపల రెండు వరసల్లో నలభై మిరప మొక్కలు. ఇరవైటిలో వైరస్‌ను తట్టుకునే జన్యువు పెట్టాను. మిగతా ఇరవై సాధారణం. తెగులు పట్టిన ఆకుల రసం అన్నిటికీ రుద్దాను. సాధారణ మొక్కలు జబ్బుపడితేనే నా జన్యువు పనిచేసినట్టు లెక్క. పన్నెండు రోజులైనా ఒక్కదానికీ మచ్చ తేలలేదు. ఇప్పుడు చేతిలో ఉన్నది ఆఖరి సీసా. ఇదీ పోతే మూడేళ్ల కష్టం మట్టిపాలే.

“మీ అక్క ఉన్నప్పుడు గ్లవుజుల్లేకుండా వేలితోనే రుద్దేది. ఒక్క మొక్కా తప్పేది కాదు,” అన్నాడు ల్యాబ్ అటెండర్ బాబాయ్, తలుపు దగ్గర నిలబడి. ఈ పని మొదలుపెట్టిన మా సీనియర్ అక్క చనిపోయి నెలయింది.

“అయితే అక్కనే పిలుచుకు రా.”

“నోటికి అడ్డూ అదుపూ లేదు తల్లీ నీకు. దెయ్యం ఎదురైనా వాదన పెట్టుకుంటావు.”

“గెలుస్తాను కూడా.”

తలుపు మూశాను. నుదుటికి మసక ఆకుపచ్చ దీపం, మొక్కలకు అది చీకటి కిందే లెక్క. తడి మట్టి వాసన. ఆకు మీద గరుకు పొడి చల్లి, రసం రాసి, మెల్లగా రుద్దాలి. సన్నటి గరగర.

మూడో మొక్క దగ్గర చెయ్యి ఆపాను.

గరగర ఆగలేదు.

అవతలి వరసలోంచి వస్తోంది.

“బాబాయ్... లోపలికొచ్చావా?”

“బయటే ఉన్నాను. ఏం?” తలుపు అవతలి నుంచి గొంతు.

నలిగిన ఆకు వాసన గుప్పుమంది. స్విచ్ నా భుజం పక్కనే ఉంది. నొక్కితే అదేమిటో తేలిపోతుంది... నా ప్రయోగం మునిగిపోతుంది. దెయ్యాల్లేవని ఎన్ని వేదికల మీద బల్ల గుద్ది చెప్పానో! ఇక్కడ ఆ చెయ్యే లేవడం లేదు.

నొక్కలేదు. రుద్దుతూ పోయాను. ఏడు... పదకొండు... పదహారు... అది నాకు ఎదురొస్తోంది. ఒక్కో కుండీ దగ్గరా ఆగుతూ.

నా వరసలో ఇరవయ్యోది పూర్తయింది.

నా మోచేతి మీద గరుకు పొడి. దాని మీద చల్లటి తడి. ఆపైన ఒక వేలు... మెత్తగా... ఓపిగ్గా...

అరవలేదు. అరిస్తే బాబాయ్ తలుపు తీస్తాడు. వెలుగు పడుతుంది.

ఆరో రోజున సాధారణ మొక్కల్లో ఇరవైకి ఇరవైటికీ పసుపు మచ్చలు తేలాయి. జన్యువున్నవి నిగనిగలాడుతున్నాయి. “అన్నంత పనీ చేశావు!” అన్నాడు బాబాయ్. మోచేతి సంగతి నేనెవరికీ చెప్పలేదు.

ఫలితాలు రాద్దామని తలుపుకు వేలాడే కాగితం అందుకున్నాను. సాధారణ మొక్కలకు నేను గీసినవి ఇరవై గడులే. కింద, పెన్సిల్‌తో, ఇంకొకటి గీసి ఉంది.

ఇరవై ఒకటి. సాధారణం. రుద్దినది: మోచేయి. లక్షణాలు: రేపటికి.